పాడిరైతుల పెన్నిధి – త్రిభువన్‌దాస్ పటేల్

మానవుని ఆకలి తీర్చే పదార్థాలలో అధిక భాగం త్వరగా చెడిపోయే స్వభావం కలవి. ఉదయం కోసిన ఆకుకూర సాయంత్రానికి వాడిపోతుంది. పండిన టమాట రెండు మూడు రోజులకే మెత్తబడుతుంది. పితికిన పాలు వేసవిలో కొద్ది గంటలలోనే విరిగిపోతాయి. ధాన్యం పండించిన రైతు గాదెలో పోసుకొని మంచి బేరం కోసం కొన్నాళ్లు ఆగగలడు. పాలు పితికిన రైతు ఒక పూట కూడా ఆగలేడు. ఈ సంగతి అమ్మేవానికంటె కొనేవానికి బాగా తెలుసు. అందుచేత ధరను నిర్ణయించే అధికారం ఆగగలిగినవాని చేతిలోకి పోతుంది. ఆగలేనివాడు ఇచ్చినది పుచ్చుకొని ఇంటిదారి పడతాడు. తరతరాలుగా సాగుతున్న ఈ అన్యాయాన్ని ఒక చిన్న పట్టణం నుండి ఎదిరించి, పేద పాడిరైతుకు తన పాలకు తగిన ధర అడిగే బలాన్ని సమకూర్చిన కార్యదక్షుడు త్రిభువన్‌దాస్ కిషీభాయి పటేల్.

త్రిభువన్‌దాస్ 1903 అక్టోబరు 22న గుజరాత్‌లోని ఆనంద్ పట్టణంలో జన్మించారు. తండ్రి కిషీభాయి పటేల్. ఆనాడు ఆనంద్ ఖేడా జిల్లాలో ఒక భాగం. ఆంగ్లేయులు ఆ జిల్లాను కైరా అని పిలిచేవారు. మహీనదికి చేరువలో ఉన్న ఆ ప్రాంతానికి చరోతర్ అని పేరు. నేల సారవంతమైనది. పొగాకు వంటి పంటలతోపాటు గేదెల పెంపకం అక్కడి కుటుంబాలకు జీవనాధారం. పంట డబ్బు ఏడాదికి ఒకటి రెండు సార్లే చేతికి వస్తుంది. పాల డబ్బు ఏ రోజుకారోజు ఇంటికి చేరుతుంది. సెంటు భూమి లేని కూలీ కుటుంబానికి సైతం పాడిగేదె ఒక్కటి ఉంటే పొయ్యిలో పిల్లి లేవకుండా ఉండే దినం కరవైపోయేది. అందుకే పాల ధరలో అణా తేడా వచ్చినా ఆ ఇళ్లలో దాని ప్రభావం వెంటనే కనిపించేది.

త్రిభువన్‌దాస్ బాల్యంలోనే ఆ జిల్లా ఒక గొప్ప పోరాటానికి వేదిక అయింది. 1918లో పంటలు దెబ్బతిన్నా శిస్తు కట్టితీరాలని ప్రభుత్వం పట్టుబట్టగా, గాంధీజీ, వల్లభభాయి పటేల్‌ల నాయకత్వంలో రైతులు శిస్తు చెల్లించడానికి నిరాకరించారు. సామాన్య రైతులు ఒక్కమాట మీద నిలబడితే పాలకులు దిగిరాక తప్పదని ఆ సత్యాగ్రహం నిరూపించింది. పదిహేనేళ్ల ప్రాయంలో తన కళ్లెదుట జరిగిన ఆ సంఘటన త్రిభువన్‌దాస్ భావిజీవితానికి బాట చూపింది. తరువాత ఆయన గాంధీజీ 1920లో స్థాపించిన గుజరాత్ విద్యాపీఠంలో విద్యాభ్యాసం చేశారు. ఖద్దరు ధరించి, జాతీయోద్యమంలో కార్యకర్తగా చేరి, 1930లోను, 1935లోను, 1942లోను కారాగారవాసం అనుభవించారు. వల్లభభాయి పటేల్‌కు విశ్వాసపాత్రుడైన అనుచరుడయ్యారు. గ్రామగ్రామం కాలినడకన తిరగడం, రైతు చెప్పేది ఓపికగా వినడం, తక్కువగా మాట్లాడడం ఆయనకు అలవడిన గుణాలు. ముందుముందు ఆయన చేపట్టబోయే కార్యానికి ఈ గుణాలే పెట్టుబడి అయ్యాయి.

ఆ కాలంలో ఆనంద్‌లో పోల్సన్ అనే వ్యాపార సంస్థ వెన్న తయారుచేసి దేశమంతటా అమ్మేది. దాని వెన్నకు పెద్ద పేరు ఉండేది. 1945లో బొంబాయి ప్రభుత్వం నగర ప్రజలకు మంచి పాలు అందించాలనే ఉద్దేశంతో బొంబాయి పాల పథకాన్ని ప్రారంభించింది. ఆనంద్ నుండి బొంబాయికి నాలుగు వందల కిలోమీటర్లకు పైగా దూరం. అంత దూరం పాలు చెడకుండా చేరాలంటే వాటిని వేడిచేసి, వెంటనే చల్లార్చి, సూక్ష్మక్రిములను నశింపజేసే యంత్రాలు కావాలి. ఆ యంత్రాలు పోల్సన్ సంస్థకు ఉన్నాయి. ప్రభుత్వం పాల సేకరణ బాధ్యతను ఆ సంస్థకే ఒప్పగించింది. సంస్థ తరఫున గుత్తేదారులు పల్లెల్లో పాలు కొనేవారు.

ఈ ఏర్పాటు ప్రభుత్వానికి అనుకూలించింది. నగరవాసికి పాలు దొరికాయి. వ్యాపారికి, గుత్తేదారుకు లాభం మిగిలింది. తెల్లవారుజామున లేచి, మేత వేసి, పేడ ఎత్తి, పాలు పితికి తెచ్చిన రైతుకు మాత్రం ఒరిగింది స్వల్పం. బొంబాయిలో వినియోగదారుడు ఎంత చెల్లిస్తున్నాడో పల్లెలోని రైతుకు తెలియదు. తాను చెల్లించిన సొమ్ములో రైతుకు ఎంత ముడుతున్నదో నగరవాసికి తెలియదు. ఆ రెండు అజ్ఞానాల నడుమ దళారి వర్ధిల్లాడు. కొలపాత్ర అతనిదే, పాల నాణ్యతను తేల్చే మాట కూడా అతనిదే. వేరొకరికి అమ్ముకుందామంటే వేరొకరు లేరు.

విసిగిపోయిన రైతులు సర్దార్ పటేల్‌ను ఆశ్రయించారు. ఆయన వారికి జాలిమాటలు చెప్పలేదు. రైతులే సహకార సంఘాలుగా ఏర్పడి, పాలను తామే సేకరించి, తామే శుద్ధిచేసి ప్రభుత్వానికి అమ్మాలనీ, అందుకు ప్రభుత్వం ఒప్పుకోకపోతే గుత్తేదారులకు పాలు పోయడం మానివేయాలనీ సూచించారు. అలా మానివేస్తే కొంతకాలం నష్టపోవలసి వస్తుందనీ, ఆ నష్టానికి సిద్ధపడితేనే ముందుకు రావాలనీ హెచ్చరించారు. రైతులు అంగీకరించారు. సర్దార్ తన సహచరుడు మొరార్జీ దేశాయిని ఖేడా జిల్లాకు పంపారు. 1946 జనవరి 4న సమర్ఖా గ్రామంలో రైతుల సభ జరిగింది. ఊరూరా పాల ఉత్పత్తిదారుల సంఘం ఏర్పడాలనీ, అవన్నీ కలసి ఒక జిల్లా సంఘంగా రూపొందాలనీ, ప్రభుత్వం ఆ సంఘం వద్దనే పాలు కొనాలనీ తీర్మానించారు. ఈ తీర్మానాన్ని ఆచరణలో పెట్టే భారం త్రిభువన్‌దాస్ భుజాల మీద పడింది.

ప్రభుత్వం రైతుల కోరికను తోసిపుచ్చింది. అంతట పాల సమ్మె మొదలైంది. పదిహేను రోజులపాటు ఖేడా రైతులు వర్తకులకు ఒక్క చుక్క పాలు పోయలేదు. ఈ మాట చెప్పినంత తేలికగా ఆ పదిహేను రోజులు గడవలేదు. కర్మాగారంలో సమ్మె జరిగితే యంత్రం ఆగుతుంది. గేదెకు సమ్మె తెలియదు. దానికి పూటపూటా మేత వేయాలి, పొదుగు నిండినప్పుడల్లా పాలు పితకాలి. పితికిన పాలను అమ్మే వీలు లేదు. ఇంట్లో వాడుకోగా మిగిలినవి వీధుల పాలయ్యాయి. రోజువారీ పాల డబ్బుతో ఉప్పూ పప్పూ కొనుక్కునే కుటుంబాలకు అది కఠోరమైన పరీక్ష. ఒక్క ఊరివాళ్లు లొంగినా పోరాటం నీరుగారిపోతుంది. అటువంటి సమయంలో త్రిభువన్‌దాస్ పల్లెల వెంట తిరిగి రైతుల గుండెదిటవు చెదరకుండా కాపాడారు. ఆనంద్ నుండి పాలు రాకపోవడంతో బొంబాయి పాల పథకం కుప్పకూలే స్థితికి వచ్చింది. బొంబాయి పాల కమిషనర్ ఆనంద్‌కు వచ్చి పరిస్థితిని పరిశీలించారు. రైతుల కోరికను ప్రభుత్వం అంగీకరించింది. ఆగలేనివారుగా పేరుపడ్డ రైతులు పదిహేను రోజులు ఆగి చూపించారు.

1946 డిసెంబరు 14న ఖేడా జిల్లా సహకార పాల ఉత్పత్తిదారుల సంఘం అధికారికంగా నమోదయింది. త్రిభువన్‌దాస్ దానికి అధ్యక్షులయ్యారు. ఆరంభంలో ఆ సంఘంలో చేరినవి రెండు గ్రామ సంఘాలే. రోజుకు సేకరించిన పాలు 247 లీటర్లు. సమ్మెలో కలిసివచ్చిన ఉత్సాహం ఒకటి, నిత్యం సంఘాన్ని నడిపే సహనం మరొకటి. సహకారం అనే మాట మీద రైతులకు నమ్మకం కుదరడానికి కాలం పట్టింది. త్రిభువన్‌దాస్ తొందరపడలేదు. ఒక్కొక్క ఊరికి వెళ్లి, సంఘం ఎవరి సొత్తో, లాభం వస్తే ఎవరికి చెందుతుందో విడమరచి చెప్పారు. 1948 జూన్‌లో సంఘం పాలను శుద్ధిచేసి బొంబాయి పథకానికి పంపడం మొదలుపెట్టింది. ఆ ఏడాది చివరికి 432 మంది రైతులు సభ్యులయ్యారు. రోజువారీ పాలు 5,000 లీటర్లకు చేరాయి.

ఆయన నెలకొల్పిన పద్ధతి సరళమైనది. ఉదయం, సాయంత్రం ఊరి పాలకేంద్రం వద్ద రైతులు వరుసలో నిలబడతారు. ఆ వరుసలో కులభేదం లేదు, ధనిక దరిద్ర భేదం లేదు. ముందు వచ్చినవారు ముందు నిలబడతారు. ప్రతి ఒక్కరి పాలనూ అందరి ఎదుట కొలుస్తారు. అందరి ఎదుటే వెన్న శాతాన్ని పరీక్షిస్తారు. ఆ శాతాన్ని బట్టి ధర కడతారు. నీళ్లు కలిపినవానికి తక్కువ ధర, చిక్కని పాలు పోసినవానికి ఎక్కువ ధర. ఉదయం పోసిన పాలకు సాయంత్రం, సాయంత్రం పోసిన పాలకు మరునాటి ఉదయం డబ్బు చేతిలో పడుతుంది. సంవత్సరాంతంలో లాభం మిగిలితే పోసిన పాలను బట్టి పంచుతారు. పది గేదెలు ఉన్నవానికీ ఒక్క గేదె ఉన్నవానికీ సంఘంలో ఉన్నది ఒకే ఓటు. తూకం, పరీక్ష, ధర అనే మూడింటినీ చాటున ఉంచి బతికిన దళారీ వ్యవస్థకు ఈ బహిరంగ పద్ధతి సమాధానం అయింది. కొనేవానికి కూడా దీనివల్ల మేలు జరిగింది. కల్తీ చేస్తే రైతే నష్టపోతాడు గనుక నగరానికి స్వచ్ఛమైన పాలు చేరాయి.

సంఘం పెరిగేకొద్దీ యంత్రాల అవసరం, వాటిని నడిపే నిపుణుల అవసరం పెరిగాయి. 1949 మే నెలలో వర్గీస్ కురియన్ అనే యువ ఇంజనీరు ఆనంద్‌లోని ప్రభుత్వ వెన్న కేంద్రంలో ఉద్యోగానికి వచ్చారు. అమెరికాలో ఉన్నత విద్య చదివిన ఆయనకు ఆ చిన్న ఊరు నచ్చలేదు. ఎప్పుడు వదలి వెళదామా అని ఎదురుచూశారు. రైతుల సంఘంలోని పాత యంత్రాలు తరచు మొరాయించినప్పుడు త్రిభువన్‌దాస్ ఆయన సహాయం కోరేవారు. తీరా ఉద్యోగం నుండి విముక్తి దొరికి ఆయన ప్రయాణానికి సిద్ధమైనప్పుడు, కొంతకాలం ఆగి సంఘానికి తోడ్పడవలసిందిగా అర్థించారు. కురియన్ ఆగారు. ఆ ఆగడం జీవితాంతం సాగింది. రైతుల విశ్వాసాన్ని నిలబెట్టడం, రాజకీయాల ఒత్తిడి సంఘం దరి చేరకుండా చూడడం త్రిభువన్‌దాస్ వంతు. కర్మాగారాన్ని, వ్యాపారాన్ని నిర్వహించడం కురియన్ వంతు. తనకంటె చిన్నవాడైన నిపుణునికి పూర్తి స్వేచ్ఛనిచ్చి, కీర్తిలో పెద్ద భాగం అతనికి దక్కినా అసూయ పడకపోవడం త్రిభువన్‌దాస్ ఔన్నత్యానికి నిదర్శనం.

ఇంతలో మరొక చిక్కు ఎదురయింది. గేదెలు శీతకాలంలో ఇచ్చే పాలు వేసవిలో కంటె రెట్టింపునకు మించి ఉంటాయి. బొంబాయి పథకం ఆ మిగులు పాలను కొనలేకపోయింది. మిగులును రైతులు మళ్లీ దళారులకే అగ్గువకు అమ్ముకోవలసి వచ్చింది. వేసవిలో గెలిచిన న్యాయం శీతకాలంలో చేజారిపోతున్నది. పాలను నిలవ ఉండే పొడిగా, వెన్నగా మార్చితే తప్ప రైతుకు విడుదల లేదు. గేదె పాలలో కొవ్వు అధికం కనుక వాటితో పొడి చేయడం సాధ్యం కాదని విదేశీ నిపుణులు భావించేవారు. కురియన్ సహచరుడు హరిచంద్ దలాయా ఆ పనిని సాధ్యం చేసి చూపారు. యూనిసెఫ్, న్యూజిలాండ్ ప్రభుత్వాల తోడ్పాటుతో సుమారు 50 లక్షల రూపాయల వ్యయంతో ఆనంద్‌లో కర్మాగారం నిర్మాణమైంది. 1954 నవంబరులో రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. 1955 అక్టోబరు 31న, సర్దార్ పటేల్ జయంతి నాడు, ప్రధాని నెహ్రూ దానిని ప్రారంభించారు. నాటి నుండి ఖేడా రైతు పాలు ఏ ఋతువులోనూ నిస్సహాయంగా అమ్ముడుపోవలసిన అవసరం లేకపోయింది.

1957లో సంఘం తన ఉత్పత్తులకు అమూల్ అనే పేరును నమోదు చేసుకున్నది. ఇది అమూల్యం అనే సంస్కృత శబ్దం నుండి పుట్టింది. వెల కట్టరానిది అని దాని అర్థం. వెల కోసం పోరాడిన రైతుల సరుకుకు వెల కట్టరానిది అనే పేరు కుదరడం ఎంతో సముచితంగా ఉన్నది. ఒకనాడు పోల్సన్ వెన్న తప్ప మరొకటి ఎరుగని నగరాలలో క్రమంగా రైతుల సొంత వెన్న స్థానం సంపాదించింది. సంఘం లాభాలతో పశువైద్యుల సేవలు పల్లెలకు చేరాయి. మేలైన దాణా తయారీ, పశుగణాభివృద్ధి కార్యక్రమాలు ఆరంభమయ్యాయి. 1963లో సామాజిక నాయకత్వానికిగాను త్రిభువన్‌దాస్‌కు, దారా ఖురోడీ, వర్గీస్ కురియన్‌లతో కలిపి రామన్ మెగసేసే పురస్కారం లభించింది. 1964లో భారత ప్రభుత్వం ఆయనను పద్మభూషణ్ బిరుదంతో సత్కరించింది.

1964 అక్టోబరులో ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి పశువుల దాణా కర్మాగారాన్ని ప్రారంభించడానికి వచ్చి, అజర్‌పురా గ్రామంలో ఒక రాత్రి బస చేశారు. రైతుల ఇళ్లకు వెళ్లి వారి స్థితిగతులు తెలుసుకున్నారు. ఇక్కడి నేలకు, వానకు, గేదెలకు ఉన్న ప్రత్యేకత ఏమీ లేదనీ, రైతులే యజమానులు కావడమే ఈ అభివృద్ధికి మూలమనీ గ్రహించారు. ఈ పద్ధతి దేశమంతటా వ్యాపించాలని సంకల్పించారు. ఆ సంకల్ప ఫలితంగా 1965లో జాతీయ పాడిపరిశ్రమాభివృద్ధి మండలి ఆనంద్ కేంద్రంగా ఏర్పడింది. 1970లో ఆపరేషన్ ఫ్లడ్ మొదలయింది. గుంటూరు, కృష్ణా, విశాఖ వంటి తెలుగు జిల్లాలలోనూ ఆనంద్ నమూనాలో పాల ఉత్పత్తిదారుల సంఘాలు వెలిశాయి. 1998 నాటికి భారతదేశం పాల ఉత్పత్తిలో ప్రపంచంలో ప్రథమ స్థానానికి చేరింది.

ఇంతటి సంస్థకు పాతికేళ్లు అధ్యక్షత వహించిన త్రిభువన్‌దాస్, డెబ్భయ్యవ దశకం ఆరంభంలో ఆ పదవి నుండి స్వచ్ఛందంగా తప్పుకున్నారు. ఎవరూ దిగిపొమ్మని అడగలేదు. కొత్తవారికి చోటు ఇవ్వవలసిన వేళ వచ్చిందని ఆయనకు తోచింది. గ్రామ సంఘాల సభ్యులు కృతజ్ఞతతో తలా కొంత వేసుకొని ఆరు లక్షల రూపాయల నిధిని ఆయనకు సమర్పించారు. ఆ కాలానికి అది పెద్ద సంపద. ఆయన అందులో ఒక్క పైసా సొంతానికి వాడుకోలేదు. గేదెకు జబ్బు చేస్తే వైద్యుడు ఊరికి వస్తున్నాడు. ఆ గేదెను సాకే ఇల్లాలికి జబ్బు చేస్తే చూసే దిక్కు లేదు. పాడిపనిలో అధిక శ్రమ స్త్రీలదే అయినా సంఘం పుస్తకాలలో సభ్యత్వం ఎక్కువగా పురుషుల పేరు మీదనే ఉండేది. ఆ లోటును కొంతైనా పూడ్చే విధంగా ఆ నిధితో 1975లో త్రిభువన్‌దాస్ ఫౌండేషన్ రూపుదిద్దుకున్నది. ఖేడా జిల్లా గ్రామాలలో తల్లుల, పసిబిడ్డల ఆరోగ్య రక్షణ దాని ప్రధాన లక్ష్యం.

రాజ్యసభ సభ్యులుగాను, గుజరాత్ ప్రదేశ్ కాంగ్రెస్ అధ్యక్షులుగాను కూడా పనిచేసిన త్రిభువన్‌దాస్ 1994 జూన్ 3న కన్నుమూశారు. ఆనంద్‌లోని సహకార విశ్వవిద్యాలయానికి 2025లో ఆయన పేరు పెట్టి జాతి తన ఋణాన్ని కొంత తీర్చుకున్నది. రైతులకు అందే వాటాను పరిశీలించినప్పుడు ఆయన కృషి విలువ మరింత స్పష్టమవుతుంది. అమూల్ సమాఖ్య లెక్కల ప్రకారం, వినియోగదారుడు పాలకు చెల్లించే ప్రతి రూపాయిలోనూ 75 పైసలకు పైగా పాలు పోసిన రైతుకే చేరుతున్నది. ఎన్నో కూరగాయల విషయంలో రైతుకు దక్కే వాటా ఇందులో సగం కూడా ఉండదు.

ఈ వ్యత్యాసం కొనేవారిని ఆలోచింపజేయాలి. అంగడిలో అచ్చువేసిన ధరను మారుమాట లేకుండా చెల్లించే చేతులే, గంప దించిన రైతు స్త్రీ వద్ద తోటకూర కట్టకు రూపాయి తగ్గించమని గీచి గీచి బేరమాడుతాయి. పొద్దు వాలితే ఆమె కూర వాడిపోతుందని కొనేవారికి తెలుసు. 1999 జనవరి 26న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన రైతుబజార్లు, పండించినవారిని తినేవారికి నేరుగా చేరువ చేయాలనే ఆశయంతోనే పుట్టాయి. సరుకు చౌకగా దొరికిందని సంతోషించే ముందు, ఆ చౌకదనం ఎవరి కష్టాన్ని కోసి తెచ్చినదో తెలుసుకోవడం వినియోగదారుని ధర్మం. తాను ఇచ్చే రూపాయి ఏ చేతికి చేరుతున్నదో విచారించి కొనేవాడు, తెలిసో తెలియకో, సమర్ఖా సభలో కూర్చున్న రైతుల పక్షాన నిలిచినవాడవుతాడు. ఆగలేనివానికి ఆగే బలం ఇచ్చి, అతని శ్రమకు తగిన వెల కట్టించిన త్రిభువన్‌దాస్ పటేల్ జీవితం అటువంటి వివేకానికి చిరకాలం మార్గదర్శకం.